కతోలిక ఆరాధన గానం (తెలుగు)

దివ్యబలిపూజలో గురువు, గాయక బృందం, విశ్వాసులు కలిసి పాడే గానం. పశ్చిమ కతోలిక సంఘంలో శతాబ్దాల పాటు లతీను గ్రెగోరియన్ గానానిదే ప్రధాన స్థానం. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన ఆరాధన శాసనం దేశభాషలకు దారి తెరిచింది. విశ్వాసులందరూ గానంలో పాల్గొనాలని కోరింది. అయినా గ్రెగోరియన్ గానానికి అగ్రస్థానం నిలిపింది.

 

తెలుగు పూజలో ప్రవేశ గీతం, మహిమ గీతం, పఠనాల మధ్య కీర్తన, అల్లెలూయ, అర్పణ గీతం, సత్ప్రసాద గీతం వరుసగా వస్తాయి. కీర్తనలో గాయకుడు చరణం పాడితే సంఘం పల్లవి అందుకుంటుంది. పుస్తకం లేనివారూ, చదువు రానివారూ ఇలా గొంతు కలపగలరు. హార్మోనియం, తబలా, డోలక్ వాద్య సహకారం అందిస్తాయి. తపస్సు కాలంలో అల్లెలూయ పాడరు.