నాలుగు బొమ్మలతో మొదలైన చిత్రశాల

1955లో మన పెద్దలు మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్న మూడేళ్ళకు, 1958 ఆగస్టు 27న, కౌలాలంపూర్‌లో ప్రధాని టుంకు అబ్దుల్ రహ్మాన్ జాతీయ చిత్రశాలను ప్రారంభించారు. విరాళంగా వచ్చిన నాలుగు బొమ్మలే తొలి ఆస్తి! 1984లో అది పాత మెజెస్టిక్ హోటల్‌కు, 1998లో ఇప్పటి తున్ రజాక్ రోడ్డు భవనానికి మారింది.

అక్కడ ఒక చిత్రకారుడి ప్రసంగానికి మా అమ్మాయిని తీసుకెళ్ళాను. తన బొమ్మ వెనకున్న ఊరినీ, మనుషులనూ ఆయన చెప్పుకుంటూ పోయారు. తిరిగొస్తూ అమ్మాయి అడిగింది: "తాతయ్య రబ్బరు పాలు తీసిన తోట గురించి ఎవరు చెబుతారు నాన్నా?"

తాతయ్య లేరు. నానమ్మ ఉంది. ఆ ఆదివారమే ఆమె ముందు టేప్ రికార్డర్ పెట్టాం. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఆలస్యం చేయకండి.