అడిగినోడికి చెప్పాల్సిందే: లండన్ నేతగాళ్ళ లెక్కల సంఘం

సైట్‌లో మట్టి లెక్క చేసినవాళ్ళకి సింప్సన్ రూల్ తెలిసే ఉంటుంది. ఐటీఐలో సర్వేయర్ ట్రేడో, సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడో చేసినోళ్ళయితే పరీక్ష కోసమన్నా బట్టీ పట్టి ఉంటారు. తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తా. ఒక కాలువ తవ్వుతున్నాం అనుకోండి. పది మీటర్లకొకచోట అడ్డకోత వైశాల్యం తీస్తే వరుసగా 12, 18, 15 చదరపు మీటర్లు వచ్చింది. మొదటిదీ చివరిదీ అలాగే ఉంచి, మధ్యదాన్ని నాలుగుతో గుణించి, మూడూ కలిపితే 99. దాన్ని 10తో గుణించి 3తో భాగిస్తే 330 క్యూబిక్ మీటర్లు. అదే మామూలు సగటు పద్ధతిలో చేస్తే 315 వస్తుంది. తేడా ఒక టిప్పర్ లోడు, అటూ ఇటుగా. బిల్లు దగ్గర కాంట్రాక్టరూ క్లయింటూ కొట్టుకునేది ఇలాంటి తేడాల మీదే.

ఈ సింప్సన్ కాలేజీ మెట్లెక్కి పైకొచ్చినవాడు కాదు. నేతగాడు. పేరు థామస్ సింప్సన్. ఇంగ్లండ్‌లో మార్కెట్ బాస్‌వర్త్ అనే చిన్న ఊళ్ళో 1710లో పుట్టాడు. తండ్రిదీ మగ్గమే, కొడుకునీ మగ్గం మీదే కూర్చోబెట్టాడు. 1724లో సూర్యగ్రహణం వచ్చింది. అది ముందే ఎలా తెలిసిందా అని ఈ కుర్రాడికి పురుగు తొలిచింది. ఊరూరా తిరిగి సరుకులమ్ముతూ జాతకాలు చెప్పే ఒకాయన చేతికి అంకగణితం పుస్తకం ఇచ్చాడట. అంతే, ఇక వదల్లేదు. 1730ల మధ్యలో లండన్ చేరి స్పిటల్‌ఫీల్డ్స్ పేటలో పగలు నేత, రాత్రి లెక్కల ట్యూషన్లు. 1737లో కాలిక్యులస్ మీద పుస్తకం అచ్చేశాడు. 1743లో వూలిచ్‌లోని మిలిటరీ అకాడమీలో లెక్కల మాస్టారయ్యాడు. సూత్రం మాత్రం ఆయన సొంతం కాదు. అంతకు వందేళ్ళకు పైగా ముందే, 1615లో, కెప్లర్ వైన్ పీపాలు కొలవడానికి అలాంటి లెక్కే వాడాడు. పేరు మాత్రం సింప్సన్‌కి దక్కింది.

ఇదంతా ఒక్కడి తెలివే అంటే నేను ఒప్పుకోను. వెనకాల ఒక పేట ఉంది.

1685లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ ప్రొటెస్టెంట్ల మతస్వేచ్ఛ రద్దు చేశాడు. వేలమంది దేశం వదిలి పారిపోయారు. అందులో పట్టు నేసేవాళ్ళు చాలామంది స్పిటల్‌ఫీల్డ్స్‌లో దిగారు. మనలాగే పరాయి భాష, పరాయి వంట, చేతిలో పని ఒక్కటే ఆస్తి. కాకపోతే వాళ్ళకి తిరిగెళ్ళే టికెట్ లేదు. ఆ పేటలో, బ్రిక్ లేన్‌లో, వాళ్ళు 1743లో కట్టుకున్న చర్చి తర్వాత యూదుల ప్రార్థనామందిరమయ్యింది, ఇప్పుడు బంగ్లాదేశీల మసీదు. ఎవరు వలస వస్తే వాళ్ళకి నీడనిచ్చిన గోడలవి.

ఆ పేటలోనే 1717లో జోసెఫ్ మిడిల్టన్ అనే ఆయన లెక్కల సంఘం పెట్టాడు. నావికులకి లెక్కలు నేర్పే మనిషి. సభ్యుల్లో ఎక్కువమంది నేతగాళ్ళూ చేతిపనివాళ్ళూ. శనివారం సాయంత్రం పని దిగాక సత్రంలో కలిసేవాళ్ళు. ఒక్కొక్కడి ముందూ పొగాకు గొట్టం, బీరు కూజా, ఒక లెక్క. సంఖ్యకీ ఒక సరదా లెక్క పెట్టుకున్నారు: సభ్యులు ఎనిమిది ఎనిమిదులు, అంటే 64 మందికి మించకూడదు. దుర్భిణులూ సర్వే పనిముట్లూ సంఘం కొనేది, సభ్యులు పత్రం రాసిచ్చి ఇంటికి పట్టుకెళ్ళొచ్చు. వారం కూలితో ఏ నేతగాడూ కొనలేని వస్తువులవి.

వాళ్ళ నియమాల్లో నన్ను పట్టుకున్నది ఒకటుంది. ఒక సభ్యుడు లెక్కలోనో శాస్త్రంలోనో సందేహం అడిగితే, తెలిసినవాడు తనకు చేతనైనంత తేలిగ్గా, అర్థమయ్యేలా చెప్పి తీరాలి. చెప్పనంటే జరిమానా. ఇష్టమైతే చెప్పమని కాదు, చెప్పడం బాధ్యత అన్నారు. సైట్‌లో పనిచేసినవాళ్ళకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. నా మొదటి సైట్‌లో ఒక సర్వేయర్ ఉండేవాడు, నేను స్టాఫ్ పట్టుకుని దగ్గరికెళ్తే చాలు, లెవెల్ బుక్కు మూసేసేవాడు. వీడికి నేర్పితే నా వీసా పోతుందని భయం. ఆ భయం ఊరికే పుట్టదు, నాకు తెలుసు. స్పిటల్‌ఫీల్డ్స్ వాళ్ళకీ పని గ్యారంటీ ఏమీ లేదు. అయినా ఆ నియమం రాసుకున్నారు.

ఆ సంఘంలోనే జాన్ డాలండ్ అనే ఇంకో నేతగాడున్నాడు, ఫ్రాన్స్ నుంచి వచ్చినవాళ్ళ బిడ్డ. పగలు పట్టు నేస్తూ చదువుకుని, నలభై దాటాక కొడుకు పెట్టిన అద్దాల దుకాణంలో చేరాడు. రెండు రకాల గాజు జతచేసి, బొమ్మ అంచున రంగులు విరజిమ్మని లెన్స్‌కి 1758లో పేటెంట్ తీసుకున్నాడు. హాల్ అనే లాయరు అంతకుముందే చేయించాడు గానీ, అందరి చేతికీ అందేలా చేసింది డాలండే. మన ఆటో లెవెల్‌లో కన్ను పెడితే స్టాఫ్ మీద అంకెలు శుభ్రంగా కనపడేది ఆ తరహా జంట అద్దం వల్లనే.

పేటలో లేనివాళ్ళకి అచ్చు ఉండేది. ‘లేడీస్ డైరీ’ అని 1704లో మొదలైన పంచాంగం లాంటి చిన్న పుస్తకం, ఏడాదికొకసారి వచ్చేది. అందులో ఈ ఏడు లెక్క వేస్తే వచ్చే ఏడు జవాబు. ఒక సందేహం తీరడానికి పన్నెండు నెలలు! సింప్సన్ కొన్నేళ్ళు దాన్ని నడిపాడు. తర్వాత చార్లెస్ హట్టన్ నడిపాడు, నలభై ఏళ్ళకు పైగా. ఈయన న్యూకాసిల్‌లో బొగ్గు గనిలో తవ్విన కుర్రాడు. స్కాట్లండ్‌లో షిహాలియన్ కొండ దగ్గర 1774లో తీసిన కొలతలతో భూమి సాంద్రత లెక్కకట్టాడు. ఆ పనిలో ఒకే ఎత్తున్న చోట్లని గీతతో కలిపాడు. కాంటూర్ అని మనం డ్రాయింగ్‌లో చూసేది అదే.

సంఘం నూట పాతికేళ్ళకు పైగా నడిచింది. 1824లో నేతగాళ్ళ కూలిరేట్లకి రక్షణగా ఉన్న చట్టాలు రద్దయ్యాయి, పట్టుపని చితికిపోయింది. మగ్గాలు పోయాక సంఘానికి మనుషులెక్కడి నుంచి వస్తారు? 1840ల మధ్యకి మిగిలింది 19 మంది. వాళ్ళ కథ రాసిపెట్టినవాళ్ళలో ఒకడు డి మోర్గాన్ అనే గణితవేత్త, మన మదురైలో పుట్టినవాడే. ఆఖరికి పుస్తకాలన్నీ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి అప్పజెప్పారు. బదులుగా ఆ సొసైటీ మిగిలిన సభ్యుల్ని చందా లేకుండా తనలో కలుపుకుంది.