మడుగులో మంగకాయ, చెరువులో ఇప్పచెక్క

ఎండలు ముదిరి వాగు పారడం ఆగిపోతే బండల మధ్య మడుగులే మిగులుతాయి. పాపికొండల్లో, మారేడుమిల్లి అడవుల్లో కొండరెడ్లు, కోయలు మందు వేసి చేపలు పట్టింది అలాంటి రోజుల్లోనే. పారే నీళ్లలో మందు నిలవదు కదా! మంగకాయలో, గిరుగుడు కాయలో దంచి నీళ్లలో పిసికితే నురగ లేస్తుంది. కాసేపటికి చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి.

ఆ నురగ కుంకుడు నురగ లాంటిదే. సపోనిన్లనే పదార్థాలు చేప మొప్పల పొరను పాడుచేసి, రక్తంలోకి చేరి ఎర్రకణాలను పగలగొడతాయి. చేప నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. మనిషి పేగుల్లోంచి అవి రక్తంలోకి పెద్దగా చేరవు గనుక ఆ చేపను వండుకు తినొచ్చు. కాకమారి గింజ సంగతి వేరు. అందులోని పిక్రోటాక్సిన్ నేరుగా నరాల మీద దెబ్బకొడుతుంది, తిన్నవాళ్లకూ ప్రమాదమే. మన దేశం నుంచి ఓడలెక్కిన ఆ గింజను ఇంగ్లండులో బీరుకు మత్తు పెంచడానికి కలిపేవారు. ఫ్రెడరిక్ ఆకమ్ 1820లో తన పుస్తకంలో ఆ కల్తీని బయటపెట్టాడు.

మందు అన్ని జీవాలనూ ఒకేలా చంపదు. కొర్రమీను, మార్పు పైకొచ్చి గాలి పీలుస్తాయి గనుక కొంత తట్టుకుంటాయి. రొయ్య రక్తంలో ఎర్రకణాలే లేవు, పీతా అంతే. నత్తలు, మొప్పలతో బతికే తోకకప్పలు, వేలెడంత లేని చేపపిల్లలు మాత్రం పోతాయి. అడవి మనిషి ప్రకృతికి ఏ హానీ చెయ్యడని మురిసిపోయేవాళ్లు ఈ సంగతి మరవకూడదు. కాకపోతే ఆ విషం కొన్నాళ్లకు దానంతటదే విరిగిపోతుంది, మిగిలింది తొలకరికి కొట్టుకుపోతుంది.

ఇలా మందు వేసి చేపలు పట్టడాన్ని నేరం చేసిన చట్టం కథ ధవళేశ్వరం దగ్గర మొదలైందంటే నమ్ముతారా? 1852లో ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొరే, ఆనకట్టలు చేపల ఎదురీతకు అడ్డుపడి తీరంలో వేటను దెబ్బతీస్తాయేమోనని 1867లో ప్రశ్న లేవనెత్తాడు. విచారణ మద్రాసు సర్కారు వైద్యుడు ఫ్రాన్సిస్ డే చేతికొచ్చింది. ఆయన 1873 నివేదిక తర్వాత, ఎట్టకేలకు 1897లో భారత మత్స్య చట్టం వచ్చింది. ఐదో సెక్షన్ ప్రకారం చేపల కోసం నీళ్లలో విషమో సున్నమో కలిపితే రెండు నెలల దాకా జైలు, లేదా 200 రూపాయల దాకా జరిమానా. ఆనకట్ట మీద మొదలైన ప్రశ్న వాగులో కాయ పిసికేవాడి మెడకు చుట్టుకుంది!

అలాంటి సపోనిన్ల మందే ఇప్పుడు డెల్టాలో బస్తాల్లో దొరుకుతోంది. భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు చెరువుల్లో పిల్ల వదిలేముందు పనికిరాని చేపల్ని చంపడానికి ఇప్పచెక్క, అంటే ఇప్పగింజల నూనె తీయగా మిగిలిన పిప్పి, చల్లుతారు. ఎకరం చెరువులో మీటరు లోతు నీళ్లుంటే సుమారు టన్ను కావాలి. రెండు మూడు వారాల్లో విషం పోయి అదే ఎరువవుతుంది. రొయ్యల చెరువులకైతే టీ గింజల పిండి. చేప చచ్చే మోతాదుకు రొయ్య చెక్కుచెదరదు.

వాగుల్లో కాయలకు బదులు పురుగుమందు కలపడం అన్నిటికన్నా ఘోరం. తిన్నవాళ్లనూ, ఆ నీళ్లు తాగిన గొడ్లనూ అది వదలదు. చెరువుల రైతులకు ఒక్క మాట: ఇప్పచెక్క చల్లిన నీళ్లను కనీసం మూడు వారాలైనా కాలువలోకి వదలకండి.