తాపీ నీటిపై విహారం ఎవరి హక్కు?

సూరత్‌ను నగరంగా నిలబెట్టినది తాపీ నది. 1608లో విలియం హాకిన్స్ నౌక హెక్టర్ ఈ తీరానికే వచ్చింది; జహంగీరు దర్బారులో అతడు కోరినది వర్తకానికి అనుమతి. ఆ తరువాత వచ్చిన చట్టాలకూ నది అంటే ప్రధానంగా సరుకు, సుంకం, సాగునీరు. విహారం వాటి లెక్కలోకి రాలేదు.

1917 నాటి అంతర్గత నౌకల చట్టం యంత్రపు పడవలకే పరిమితం. 1972లో ఉకాయ్ ఆనకట్ట పూర్తయ్యాక తాపీ ప్రవాహం గేట్ల అదుపులోకి వెళ్లింది. 2016లో ఈ నది జాతీయ జలమార్గం 100 అయింది. 2021 చట్టం తెడ్డు పడవలనూ తన పరిధిలోకి తెచ్చింది. ఇవన్నీ పడవను నియంత్రించేవే. పడవెక్కే పౌరుడు నదిలో కనీస ప్రవాహం కావాలని ఏ చట్టం కింద అడగాలి?

1996లో కమల్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు, ఇటువంటి సహజ వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని చెప్పింది. (బియాస్ ఒడ్డున ఒక హోటల్‌ను కాపాడేందుకు నది దారినే మళ్లించిన వ్యవహారమది.) హక్కుకు బీజం ఆ తీర్పులో ఉంది, చట్టసభలు మాత్రం దాన్ని మొలకెత్తనివ్వలేదు. సూరత్ మగ్గాలపై బతికే తెలంగాణ పద్మశాలి ఆదివారం పిల్లలతో పడవెక్కితే అతడి చేతిలో ఉండేది టికెట్ ఒక్కటే. 2024 జనవరిలో అదే గుజరాత్‌లో, వడోదర హర్ణి సరస్సులో విహార పడవ మునిగి 12 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు మరణించారు. అప్పుడు కూడా వాదనలు ఎక్కువగా కాంట్రాక్టు ఎవరికి, ఎలా ఇచ్చారన్న దాని చుట్టూనే తిరిగాయి.