అర్జునుడి పది పేర్లు, ఒక రాగితీగ

ఉరిమితే అర్జునుడి పది పేర్లూ తలుచుకోవాలని మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళు నేర్పే వుంటారు. మా అమ్మమ్మ నాకు నేర్పింది. కానీ అయిదో పేరు దగ్గరికి వచ్చేసరికి మరో ఉరుము ఉరిమేది, నేను మళ్ళీ మొదటికి వచ్చేదాన్ని. ఆ పది పేర్లూ ఒక్క గుక్కలో అప్పజెప్పింది మాత్రం మొన్న వేసవిలోనే. అప్పుడు మబ్బూ లేదు, ఉరుమూ లేదు. మిట్టమధ్యాహ్నం, మండే ఎండ. వనపర్తిలో మా డాబా పిట్టగోడ మీద నిలబడి మావాడు ఇరవై అడుగుల ఇనుప గొట్టం లేపుతున్నాడు. ఆ పక్కనే వీధిలో కరెంటు తీగలు!

సంగతేమిటంటే, వూరి బయట మామిడితోటలో మాకొక గది వుంది. ఇంటికి వచ్చే ఇంటర్నెట్టును అక్కడిదాకా గాలిలో పంపాలని మావాడి పట్టుదల. డాబా మీద ఒక యాంటెన్నా, తోటలో గది మీద ఒక యాంటెన్నా, రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటే చాలట. పెళ్ళిచూపులన్నమాట! మధ్యలో చెట్టుకొమ్మ కూడా అడ్డం రాకూడదు.

"దిగుతావా, నన్నే పైకి రమ్మంటావా?" అని నేను అరిచిన అరుపుకు వాడు దిగాడు. అలిగి కూర్చున్నాడు. "అమ్మకు ప్రతిదానికీ భయమే, నాయనమ్మా!" అని ఫిర్యాదు.

మా అత్తమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ తల ఎత్తకుండానే అన్నది: "భయం గాదు బిడ్డా. ఆకాశానికి చెయ్యి సాపెటోడు ముందుగాల కాళ్ళు భూమిల పెట్టుకోవాలె. మా మేనమామోళ్ళ వూర్ల జాలిగొడుగు పెట్టినప్పుడు గూడ ముందు గుంతలే తవ్విన్రు."

జాలిగొడుగా? మావాడి అలక ఎగిరిపోయింది. నా చేతిపని కూడా ఆగిపోయింది.

అది 1975 నాటి మాట. అప్పటికి ఈ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ మహబూబ్‌నగర్ జిల్లాలోనే వుండేవి. వేరే జిల్లాలైంది 2016లో కదా! హైదరాబాదులోనే ఇంట్లో టీవీ వున్నవాళ్ళు అరుదైన ఆ రోజుల్లో, ఈ కరువు జిల్లా పల్లెల్లో టీవీ వచ్చింది. అమెరికావాళ్ళ ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని మన దేశం ఏడాదిపాటు ఎరువు తెచ్చుకుంది. పక్కింటి నుంచి పెనం ఎరువు తెచ్చుకున్నట్టే! 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఆరు రాష్ట్రాలలో, దాదాపు 2400 పల్లెలకు పాఠాలు, వ్యవసాయం, ఆరోగ్యం కార్యక్రమాలు అందించారు. 'సైట్' ప్రయోగం అంటే అదే. మన మహబూబ్‌నగర్ జిల్లా కూడా అందులో వుంది. ఉదయం పిల్లలకు, సాయంత్రం పెద్దలకు, తెలుగులోనే.

ఆ ఉపగ్రహపు మాట అందుకోవడానికి ఒక్కో వూళ్ళో మూడు మీటర్ల వెడల్పు గొడుగు పెట్టారు. దాన్ని దేనితో చేశారనుకున్నారు? కోళ్ళగూడుకు కొట్టే ఇనుప జాలీతో! నవ్వకండి. అందులో వున్న తెలివి చూడండి. ఆ సంకేతపు అల పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. అంత పెద్ద అలకు వేలెడంత కంత కంతలాగే కనబడదు, నున్నటి అద్దంలాగే వుంటుంది. గాలి మాత్రం జాలీలోంచి చాలామట్టుకు దాటిపోతుంది. ఖర్చూ తక్కువ, బరువూ తక్కువ, గాలివానకు పట్టూ తక్కువ. మావాడు కొనితెచ్చిన యాంటెన్నా కూడా చిన్న జాలీ గొడుగే. యాభై ఏళ్ళు గడిచినా అదే యుక్తి.

"ఏడాదైనంక టీవీల బొమ్మ బందైంది. గొడుగు మాత్రం గట్లనే నిలబడ్డది" అని ముగించింది అత్తమ్మ. ఆమెకు ఆ గొడుగు నిలబడ్డ సంగతే ముఖ్యం. ఆలోచిస్తే నాకూ అదే ముఖ్యమనిపించింది.

ఎందుకంటే గాలికి నిలబడనివి మహామహులు పెట్టినవే వున్నాయి. అట్లాంటిక్ సముద్రం దాటించి వార్త పంపాలని మార్కోనీ ఇంగ్లండులోని పోల్దూ తీరాన 200 అడుగుల ఎత్తు స్తంభాలు ఇరవై, గుండ్రంగా నిలబెట్టాడు. 1901 సెప్టెంబరులో ఒక్క గాలివానకు మొత్తం కూలిపోయాయి. స్తంభాల తలలు ఒకదానికొకటి కట్టేసి వున్నాయి మరి! ఒకటి పడితే మిగతావన్నీ తోడు పోవలసిందే. అమెరికా తీరాన పెట్టినవీ ఆ నవంబరులోనే పడిపోయాయి. చివరికి డిసెంబరులో ఆయన న్యూఫౌండ్లాండులో గాలిపటానికి తీగ కట్టి ఎగరేసి సంకేతం విన్నాడు.

గాలి కూలుస్తుంది, సరే. మబ్బు చేసేది అంతకంటే ఘోరం. 1753లో రష్యాలోని సెంట్ పీటర్స్‌బర్గ్‌లో రిఖ్మన్ అనే శాస్త్రజ్ఞుడు మబ్బులోని విద్యుత్తును కొలవాలని ఇంటికప్పు మీద ఇనుప కడ్డీ పెట్టి, తీగను గదిలోని పరికరం దాకా తెచ్చాడు. అక్కడితో ఆపాడు, భూమిలోకి దింపలేదు. ఉరుములు వినబడగానే కొలత చూద్దామని వంగాడు. పిడుగుశక్తి ఆ కడ్డీ వెంటే వచ్చి ఆయన నుదుటిని తాకింది. ఆయన అక్కడికక్కడే చనిపోయాడు.

కప్పు మీద కడ్డీ పెట్టడం ఆయన తప్పు కాదు. దాన్ని నేలదాకా తీసుకుపోకపోవడమే ప్రమాదం. పిడుగుకు కావలసింది నేలకు దారి. మనం దారి చూపకపోతే అది మన గదిలోంచి, మన సామానులోంచి, మన పిల్లల్లోంచి తన దారి తాను వెదుక్కుంటుంది.

పాతకాలం రేడియోల వెనక రెండు రంధ్రాలు వుండేవి. ఒకటి ఏరియల్‌కు, ఒకటి ఎర్తుకు. మొదటిది అందరికీ గుర్తుండేది, రెండోది చాలా ఇళ్ళలో ఖాళీగానే వుండేది. నా చిన్నతనంలో టీవీ గొట్టాల సంగతీ అంతే. "వచ్చిందా?" అని డాబా మీంచి, "రాలే, జర అటు తిప్పు!" అని కిందినుంచి. ఆదివారం రామాయణం కోసం గొట్టాన్ని తిప్పడమే అందరికీ తెలిసిన విద్య. దాని కాళ్ళను ఎవరు చూశారు?

సరే, మా ఇంటి కథకు వస్తాను. నాగర్‌కర్నూల్ నుంచి అనుభవం వున్న ఎలక్ట్రీషియన్ను పిలిపించాం. ఆయన చేసిన మొదటి పని చోటు మార్చడం. గొట్టం ఎటు కూలినా కరెంటు తీగను తాకకూడదు, దాని పొడవుకు రెండింతల దూరం వుంటే మరీ మంచిదన్నాడు. అందుకని వీధివైపు నుంచి పెరటివైపుకు తెచ్చాడు. పిట్టగోడను నమ్మక కప్పులోకి బోల్టులు దింపాడు. మూడు వైపులా సమానంగా లాగుతీగలు కట్టాడు. ఎక్కింది ఒక్కరు, కింద పట్టుకున్నది ఇద్దరు. మబ్బు పట్టిన రోజు పని పెట్టుకోలేదు.

తరువాత పెరట్లో గుంత తీసి, గొట్టం దింపి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేశాడు. ఆవకాయ జాడీ నింపినట్టే! పైనుంచి లావుపాటి రాగితీగ మెలికలు లేకుండా తిన్నగా ఆ గుంతలోకి దింపాడు. ఇంటి మీటరు ఎర్తును కూడా దానితో కలిపాడు. రెండూ వేరువేరుగా వుంటే పిడుగు వేళ ఆ తేడా ఇంట్లో సామాను మీద పడుతుందట. కేబులు గోడలోకి వచ్చే చోట పిడుగు అరెస్టరు పెట్టాడు. ఆ కేబులును కిందికి వంచి మళ్ళీ పైకి తెచ్చి లోపలికి పోనిచ్చాడు. వాననీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

"ఇంత చేసినా నెత్తినే పడే పిడుగుకు ఎవడూ పూచీ లేడమ్మా. మబ్బు కమ్ముకొస్తుంటే ముందే ప్లగ్గులు పీకేయండి. ఉరుములు మొదలయ్యాక తీగలు ముట్టకండి" అని చెప్పి వెళ్ళాడు.

ఒక పని మాత్రం మాకు వదిలాడు. మన పాలమూరు నేల ఎండాకాలంలో పెళపెళలాడుతుంది. ఎండిన నేల పిడుగుకు సరిగ్గా దారి ఇవ్వదు. అందుకని ఆ గుంతలో అప్పుడప్పుడు నీళ్ళు పోయాలి. ఆ పని అత్తమ్మ తీసుకుంది. తులసికోటకు చెంబెడు, ఆ గుంతకు బిందెడు.

మొన్న సాయంత్రం మబ్బు వేసింది. మావాడు తనంతట తానే లేచి ప్లగ్గులు పీకాడు. నేను అర్జునుడి పేర్లు మొదలుపెట్టాను. ఈసారి తడబడలేదు. పది పేర్లూ అయ్యాక, పెరటివైపు చూసి, పదకొండోదిగా ఆ రాగితీగను కూడా తలుచుకున్నాను.