సూర్యుడు మళ్ళేది ఏనాడు?



ఒక సంక్రాంతినాడు మా ఇంట్లో చిన్న పేచీ వచ్చింది. మా అత్తగారు నువ్వులూ బెల్లం దంచుతూ, "ఇవాళ్టితో ఉత్తరాయణం వచ్చింది, ఇక చలి తగ్గుతుంది" అన్నారు. మా అమ్మాయి ఊరుకుంటేనా! "అదేమిటి బామ్మా, సూర్యుడు డిసెంబరు 22నే మళ్ళాడుగా, మా పుస్తకంలో ఉంది" అంది. పెద్దావిడ మొహం చిన్నబోయింది. "అయితే మన పెద్దలంతా తెలివితక్కువవాళ్ళనా?" అన్నారు. మధ్యన నలిగింది నేను. మెట్రిక్‌తో చదువు ఆపినదాన్ని. పుస్తకాలు తెప్పించుకు చదివితే ఇద్దరి మాటా నిజమేనని తేలింది. ఎలాగంటారా?

ముందు రుతువుల సంగతి. సూర్యుడు దగ్గరైతే వేసవి, దూరమైతే చలి అనుకుంటాం. పొరపాటండీ. భూమి సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో, మనం దుప్పట్లు కప్పుకునే రోజుల్లోనే! అసలు కారణం భూమి ఒరుగు. అది నిటారుగా కాక, సుమారు 23న్నర డిగ్రీలు ఒకే వైపు ఒరిగి సూర్యుణ్ణి చుట్టివస్తుంది. వేసవిలో మన సగం సూర్యుడివైపు వాలి ఉంటుంది. ఎండ నడినెత్తిన పడుతుంది, డాబా మీది వడియాలు ఇట్టే ఎండుతాయి. డిసెంబరులో అవతలికి వాలుతుంది. ఎండ ఏటవాలుగా పడి పలచనవుతుంది. 21, 22 తేదీల్లో పగలు అన్నిటికన్నా చిన్నది. అక్కణ్ణించి సూర్యుడు ఉత్తరానికి మళ్ళుతాడు. అమ్మాయి మాట నిజం.

మరి సంక్రాంతి? అది సూర్యుడు మకరరాశిలో ప్రవేశించే రోజు. సుమారు 1700 ఏళ్ళ కిందట రెండూ ఒక్కనాడే వచ్చేవి. అత్తగారి మాట ఆనాటి నిజం. భూమి ఒకే వైపు ఒరిగి ఉంటుందన్నాను గాని, అది కూడా బొంగరంలా మెల్లగా తల తిప్పుతుంది. ఒక్క చుట్టుకి దాదాపు 26,000 ఏళ్ళు! అందుకే సంక్రాంతి సుమారు 72 ఏళ్ళకొక రోజు ఆలస్యమవుతోంది. స్వామి వివేకానంద పుట్టిన 1863లో అది జనవరి 12న వచ్చింది. ఇప్పుడు 14నో, 15నో.

పెద్దలకు తెలియదా అంటే, 6వ శతాబ్దంలోనే వరాహమిహిరుడు బృహత్సంహితలో ఈ తేడా రాశాడు. పూర్వశాస్త్రాలు ఉత్తరాయణం ధనిష్ఠ మొదట్లో అన్నాయి, ఇప్పుడు మకరం మొదట్లో వస్తోంది, అనుమానమైతే నీడ గుర్తుపెట్టి స్వయంగా చూసుకోమన్నాడు. భూమి తల తిప్పడానికి సూర్యచంద్రుల ఆకర్షణే కారణమని 1687లో న్యూటన్ వివరించాడు.

మనకు స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో మేఘనాద్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘం ఏర్పడింది. లెక్క సరిచెయ్యకపోతే పండుగలు రుతువులకు దూరమైపోతాయని ఆయన బెంగ. 1957 మార్చి 22 నుంచి ప్రభుత్వం రుతువులతో నడిచే జాతీయ పంచాంగాన్ని అమలు చేసింది. పండుగలు మాత్రం పాత లెక్కనే సాగుతున్నాయి. ఇలాగే సాగితే మరో 2000 ఏళ్ళకు మన భోగిమంటలు ఫిబ్రవరి రెండోవారంలో వెయ్యాలి!

ఇదంతా చెబితే అత్తగారు, "అయితే మనవాళ్ళూ కళ్ళు తెరిచి చూసినవాళ్ళేనన్నమాట" అని తేలిగ్గా నవ్వారు. ఆ ఏడు డిసెంబరులో బామ్మా మనవరాలూ కలిసి డాబా మీద కర్ర పాతి, మిట్టమధ్యాహ్నపు నీడ చివర ముగ్గుతో చుక్కలు పెట్టారు. మీరూ పెట్టి చూడండి. సెలవు.