అన్ని పాపాలూ ఒకటేనా? బకింగ్‌హాం కాలవ గట్టు మీద ఒక లెక్క
(మా తీరం చరిత్ర – 9వ భాగం)

పోయిన నెల మా పిన్నమ్మ కొడుకును ఊళ్లో పెత్తందారుల కుర్రాళ్లు కొట్టారు. వాళ్ల వీధిలో బండి దిగకుండా పోయాడని. కేసు పెట్టాం. రెండో ఆదివారానికే రాజీ మాటలు మొదలయ్యాయి. ప్రార్థన అయ్యాక ఒక పెద్దమనిషి పిన్నమ్మను కూర్చోబెట్టి మెల్లగా చెప్పాడు: "అమ్మా, వాళ్లు కొట్టిందీ పాపమే, మీవాడు తాగేదీ పాపమే. దేవుడి దృష్టిలో పాపాల్లో చిన్నా పెద్దా లేవు. క్షమించి కేసు వెనక్కి తీసుకో."

ఇంటికొచ్చాక పిన్నమ్మ నన్నడిగింది: "పెద్ద చదువు చదివినోడివి గదా నాయనా, ఆ మాట నిజమేనా?"

ఆ పూట జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తున్నాను.

ముందు ఒకటి ఒప్పుకోవాలి. "అందరూ పాపులే" అనే మాట ఈ తీరానికి వచ్చినప్పుడు మనల్ని అణచడానికి రాలేదు. అంతకుముందు ఇక్కడ నడిచిన లెక్క మనువుది. మనుస్మృతి పదకొండో అధ్యాయం చూడండి. బ్రాహ్మణుణ్ణి చంపితే మహాపాతకం. క్షత్రియుణ్ణి చంపితే ఆ ప్రాయశ్చిత్తంలో నాలుగో వంతు, వైశ్యుణ్ణి చంపితే ఎనిమిదో వంతు, శూద్రుణ్ణి చంపితే పదహారో వంతు. పిల్లిని, కప్పను, కుక్కను, కాకిని చంపినా శూద్రుణ్ణి చంపిన ప్రాయశ్చిత్తమే. ఇక ఊరి బయట ఉన్న మన ప్రాణానికి ఆ లెక్కలో వంతే లేదు. పాపం బరువు చేసిన పనిని బట్టి కాదు, చచ్చినవాడి కులాన్ని బట్టి. జాషువా 1941లో గబ్బిలంతో కాశీ శివుడికి కబురు పంపింది ఈ అన్యాయం చెప్పుకోవడానికే.

అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరు వచ్చారు. 1866లో క్లౌ దొర ఒంగోలు చేరాడు. అప్పట్లో ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాయే. ఆ ఏడే మాదిగ పెద్ద ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. మాదిగలను చేర్చుకోవద్దని అగ్రకుల పెద్దలు పట్టుబట్టారు. క్లౌ మాదిగలను వదులుకోలేదు. కరణమూ మాదిగా ఒకే వరసలో పాపులుగా నిలబడటం మన ఊళ్లలో అంతకుముందు ఎరగని సంగతి. ఆ వరసలో నిలబడ్డ మనవాళ్లకు అది అవమానం కాదు, గౌరవం.

కానీ పాపాల పట్టీ రాసిందెవరు? చేరేవాళ్లకు క్లౌ పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వీటిలో తిరుగుబాటు కూడా ఉంది. ఆదివారం పని మానడమంటే వారానికొక రోజు వెట్టి మానడం. జాతరకు డప్పు కొట్టనంటే ఊరి పెత్తనాన్ని కాదనడం. అందుకే ఊళ్లు వాళ్ల మీద పగబట్టాయి. అయినా ఆ మూడూ లేనివాడి పాపాలే. ఉన్నవాడి పాపం పట్టీకెక్కలేదు.

1876 నుంచి 78 దాకా ధాత కరువు. లక్షల మంది చచ్చారు. 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు జరిపాడు. అదే నెల రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని మనిషికి రోజుకు ఒక పౌను, అంటే అర కిలో కంటే తక్కువ ధాన్యం, పైన కొద్ది డబ్బులకు కోసేశాడు. ఆ ఏళ్లలోనే మన దేశపు ధాన్యం ఓడలెక్కి ఇంగ్లండు పోయింది. మన తీరాన బకింగ్‌హాం కాలవ పనులు నడిచాయి. క్లౌ మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని ఆకలితో వచ్చినవాళ్లకు పని ఇచ్చాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ నీళ్లలో దిగినవాళ్లలో ఆకలికి చచ్చిన గొడ్డును తిన్నవాళ్లు ఉండే ఉంటారు. అది వాళ్ల చేత ఒప్పించిన పాపం. కూలి కోసినవాడూ ధాన్యం తరలించినవాడూ ఏ ఏటి ఒడ్డునా ఒప్పుకోలేదు. ఆ రెండూ ఒకటేనా?

అంబేడ్కర్ కూడా 1927లో మహద్‌లో చచ్చిన పశువు మాంసం మానమన్నాడు. అయితే ఆయన దాన్ని ఆత్మగౌరవం కోసం మానమన్నాడు. పాపం అన్న మాట మనిషిని తలదించుకోమంటుంది. ఆత్మగౌరవం అన్న మాట తలెత్తమంటుంది. ఆ ఏడే డిసెంబరు 25న ఆయన మనుస్మృతిని తగలబెట్టాడు.

మన జిల్లా ఆడవాళ్లకు ఈ తేడా తెలుసు. సారా తాగేవాడిది పాపమని అందరూ బోధించినవాళ్లే. దూబగుంట ఆడవాళ్లు మొగుళ్లను తిట్టి ఊరుకోలేదు, సారా దుకాణాన్నే మూయించారు. 1992లో జిల్లా ఆడవాళ్లు వేలంపాటలను అడ్డుకున్నారు. తాగినవాడి తప్పూ, తాగించి ఖజానా నింపుకున్నవాడి తప్పూ ఒకే తూకం కాదని వాళ్లు తేల్చారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

మరి బైబిల్ మాటేమిటి? ఒక్క ఆజ్ఞ తప్పినా అన్నీ తప్పినట్టే అని యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో ఉంది. నిజమే. కానీ ఆ అధ్యాయం మొదలయ్యేది ఎక్కడ? బంగారు ఉంగరం పెట్టుకున్నవాణ్ణి మంచి చోట కూర్చోబెట్టి, బీదవాణ్ణి కాళ్ల దగ్గర కూర్చోమన్న సంఘాన్ని తిట్టడంతో. పక్షపాతాన్ని పట్టుకోవడానికి రాసిన మాటను ఇవాళ పక్షపాతానికే అడ్డం పెడుతున్నారు. పుదీనాలో పదో వంతు లెక్కగట్టి న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసినవాళ్లను యేసు మందలించాడు. ధర్మశాస్త్రంలో బరువైన సంగతులు వేరే ఉన్నాయన్నాడు. తనను అప్పగించినవాడిది ఎక్కువ పాపమని పిలాతుతో చెప్పిందీ ఆయనే.

విద్యార్థి మిత్రులు ఇక్కడ రెండు మాటలను విడదీసి చూడాలి. దేవుడి ముందు మనుషులంతా సమానం. ఈ మాట మనది, దీన్ని మనువు మీద గెలిచి తెచ్చుకున్నాం, వదలొద్దు. పాపాలన్నీ సమానం అనేది వేరే మాట. అది వచ్చేది ఎప్పుడూ రాజీ కాగితంతోనే.

పిన్నమ్మకు ఇదంతా చెప్పాను. చివరిదాకా విని, "మావాడు తాగితే నేను తిడతా. వాణ్ణి కొట్టినోళ్ల సంగతి కోర్టు చూస్తుంది" అంది.

కేసు వెనక్కి తీసుకోలేదు. వాయిదాకు నేనూ వెళ్తున్నాను.

జై భీమ్.
(ఇంకా ఉంది)